తమ్ముడి ఖర్చుతో సింగపూర్ వెళ్తే తప్పా?

సమస్య

మాది సోలాపూర్. మా తాతలు కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. అశోక్ చౌక్ దగ్గర అద్దె షెడ్డులో మాకు నాలుగు సాంచాలు (మరమగ్గాలు) ఉన్నాయి. టవల్స్ నేస్తాం. నూలు షేటుది, మాకు దక్కేది మజూరీ. ఇద్దరు పనివాళ్లున్నారు, వాళ్లతో పాటు మా ఆయనా సాంచా మీద నిలబడతాడు. కుంభారి ఘర్కుల్ కాలనీలో మేముండే ఇల్లు అత్తమ్మ బీడీ కార్డు మీద వచ్చింది. ఆమెకు 62 ఏళ్లు. ఇప్పటికీ బీడీలు చుడుతూనే ఉంది.

మా ఆయన పదో తరగతితో చదువు ఆపి సాంచా పట్టాడు. మా మరిది ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. దీపావళి సెలవులకు పిల్లల్ని తీసుకుని రమ్మన్నాడు. సెంటోసాలో రిసార్టు తీసుకుని శని, ఆదివారాలు అక్కడే ఉందామని, యూనివర్సల్ స్టూడియోస్ చూపిస్తానని, విమానం టికెట్లతో సహా ఖర్చంతా తనదేనని చెప్పాడు. అమ్మాయికి పదమూడేళ్లు, బాబుకు ఏడు. అప్పట్నుంచి ఇంట్లో ఇదే ముచ్చట.

మా ఆయన మాత్రం "వస్తాం గానీ మా గది, మా టికెట్లు మేమే పెట్టుకుంటాం" అన్నాడు. ఎట్లా పెడతాడా అనుకున్నాను. మొన్న తెలిసింది, నష్టానికైనా సరే పాట పాడి భిశీ (చిట్టీ) ఎత్తుదామని చూస్తున్నాడట. అది పనివాళ్ల దీపావళి బోనస్ కోసం, అమ్మాయి ఫీజు కోసం నెలనెలా కడుతున్న భిశీ. ఇదేంటని అడిగితే "చిన్నోని ముందు చెయ్యి చాచమంటావా?" అని అరిచాడు.

ఇంకో సంగతి. ఈ ప్రయాణంలో అత్తమ్మ లేదు. పాస్‌పోర్టు లేదు, అంత దూరం నడవలేదు అన్నారు అన్నదమ్ములిద్దరూ. ఆమె కూడా "నేనెందుకు బిడ్డా, ఇల్లు చూసుకుంటా" అంటోంది. పిల్లల మొహాలు చూస్తే వద్దనలేను. భిశీ గుర్తొస్తే నిద్ర పట్టదు. ఏం చెయ్యమంటారు?

- ఒక సోదరి, సోలాపూర్

సలహా

అమ్మా, ముందు భిశీ సంగతి చెబుతాను. దాన్ని ముట్టుకోకూడదు. బోనస్ కోసం కూడబెట్టిన డబ్బు మీ చేతిలో ఉన్నా మీది కాదు. ఏడాది పొడుగునా మీ సాంచాల మీద నిలబడ్డ ఆ ఇద్దరిది. వాళ్లింట్లోనూ పండగకు ఎదురుచూసే పిల్లలుంటారు. వాళ్లకు చెల్లించకుండా మీరు విమానమెక్కితే పండగ తర్వాత వాళ్లు పనిలోకి వస్తారన్న నమ్మకమూ లేదు. ఇక అమ్మాయికి పదమూడేళ్లంటే పెద్ద ఫీజులు దగ్గర పడుతున్నట్టే. ఈ విషయంలో మీరు మెత్తబడొద్దు.

అలాగని ప్రయాణం మానుకోమని నేను చెప్పను. వెళ్లండి. మీ మరిది పెట్టే ఖర్చుతోనే వెళ్లండి.

మీవారి కోపం నాకు అర్థమవుతోంది. ఇన్నేళ్లూ ఇంటికి పెట్టిన మనిషి, తీసుకునే వంతు వచ్చేసరికి తట్టుకోలేకపోతున్నాడు. కానీ ఆయన బడి మానేసి సాంచా పట్టిననాడు తమ్ముడు కాలేజీకి వెళ్లగలిగాడు. ఆ రోజు తమ్ముడు అన్న ముందు చెయ్యి చాచాననుకున్నాడా? ఇంట్లో ఒకరి కష్టం మీద ఇంకొకరు పైకి రావడం సోలాపూర్ తూర్పు భాగంలో మన పద్మశాలీ కుటుంబాలకు కొత్త కాదు. ఇప్పుడు తమ్ముడు ప్రేమగా పిలిస్తే, అన్న అప్పుచేసి మరీ తన వాటా తాను కడితే, ఆ పిల్లవాడి మనసు నొచ్చుకుంటుంది. పాత లెక్క తీరిపోతోందని మీవారు అనుకోవద్దు, తీరుస్తున్నానని మరిది అనుకోవద్దు. ఈ మాట మీవారితో మీరే చెప్పండి, పిల్లలు నిద్రపోయాక, నెమ్మదిగా.

ఖర్చు తగ్గితే ఆయన పంతమూ కొంత సడలుతుంది. అసలు రిసార్టులో రాత్రుళ్లు ఉండాల్సిన అవసరమేముంది? యూనివర్సల్ స్టూడియోస్ సెంటోసా ద్వీపంలో రిసార్ట్స్ వరల్డ్ లోపలే ఉంది. సింగపూర్‌లో ఏ మూల నుంచైనా మెట్రోలో హార్బర్‌ఫ్రంట్ స్టేషన్‌కు చేరి, అక్కడ వివోసిటీ మాల్ నుంచి చిన్న రైలెక్కితే ద్వీపంలో దిగుతారు. మరిది ఇంట్లో పడుకుని పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. రెండు గదుల అద్దె మిగిలిపోతుంది, గొడవలో సగం దానితోనే పోతుంది. మరిదికి ఒక్కరోజు సెలవు దొరికితే శని, ఆదివారాలు వదిలేసి మామూలు రోజున వెళ్లండి, వరుసల్లో నిలబడే సమయం తగ్గుతుంది. బాబు ఎత్తు ఇంట్లోనే కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్ ఎక్కాలంటే 102 సెంటీమీటర్లు, మమ్మీ రోలర్‌కోస్టర్‌కు 122 ఉండాలి. వాడికి ఏది కుదరదో ముందే చెబితే అక్కడ గేటు దగ్గర ఏడుపుండదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది అత్తమ్మ సంగతి. కుంభారిలో గోదూతాయి పరులేకర్ పేరుతో ఉన్న ఆ 10,000 ఇళ్లు ఊరికే రాలేదు. కార్మిక నేత నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ చుట్టే ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చాయి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ తాళాలు అందజేశారు. వెయ్యి బీడీలకింత అని లెక్కగట్టే కూలితో మీ అత్తమ్మ ఇద్దరు కొడుకుల్ని పెంచింది, ఆ కార్డు మీదే మీకు నీడ దొరికింది. అలాంటి మనిషిని ఇంటికి కాపలా పెట్టి వెళ్తారా? "నేనెందుకు" అనే మాట మన తల్లులు అలవాటుగా అంటారు. దాన్ని జవాబుగా తీసుకోకండి.

నడవలేకపోతే యూనివర్సల్ స్టూడియోస్‌లో చక్రాల కుర్చీ అద్దెకిస్తారు. రైడ్లు వద్దనుకుంటే అదే రిసార్టులో 2025లో తెరిచిన సింగపూర్ ఓషనేరియం ఉంది, కూర్చుని చేపల్ని చూడొచ్చు. ఆమెకు జనన ధ్రువపత్రం లేదని భయపడకండి. ఆ వయసువాళ్లకు పుట్టినతేదీ రుజువుగా పాన్ కార్డు లాంటివి పాస్‌పోర్టు ఆఫీసులో ఒప్పుకుంటారు. మహారాష్ట్రలో మనవాళ్ల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉంటాయి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర. అది ముందే సరిచేయించండి. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు, అరవై దాటినవారికి అందులో పదో వంతు తగ్గిస్తారు. సింగపూర్‌కు మనకు వీసా కావాలి, అధికారిక ఏజెంట్ల ద్వారానే పెట్టించుకోండి. దిగేముందు మూడు రోజుల్లో నింపాల్సిన అరైవల్ కార్డుకు ప్రభుత్వం పైసా తీసుకోదు. దానికి డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

దీపావళికి ఎలాగూ సాంచాలు ఆగుతాయి కాబట్టి మజూరీ పెద్దగా పోదు. అత్తమ్మ పాస్‌పోర్టు అప్పటికి చేతికి రాకపోతే ప్రయాణం వేసవి సెలవులకు జరపండి, పిల్లలు ఆగుతారు. మరిదికి ఇవాళే ఫోన్ చేసి, అమ్మ కాగితాలు తేలేదాకా టికెట్లు కొనొద్దని చెప్పండి.