తీవ్రవ్యాధి బీమా – రైతు బిడ్డ లెక్క

1967లో తొలిసారి మనిషికి మనిషి గుండె అమర్చిన డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ మనకు తెలుసు. ఆయన తమ్ముడు మారియస్ కూడా సర్జనే. రోగి బతికినా సంసారం చితికిపోవడం చూసి, 1983లో దక్షిణాఫ్రికాలో తీవ్రవ్యాధి బీమాకు నాంది పలికాడు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆసుపత్రి బిల్లు కడతాయి. ఈ బీమా జబ్బు తేలాక ఒకేసారి సొమ్ము మన చేతికిస్తుంది. మా నాన్న మంచాన పడితే నాట్లకు అదను ఆగదు, అప్పుమీద వడ్డీ అసలే ఆగదు!

అయితే మిత్రులారా, షరతులు చదవాలి. పాలసీలో రాసిన జబ్బులకే డబ్బు. ప్రతి క్యాన్సరూ అందులోకి రాదు. సాధారణంగా మొదటి 90 రోజుల్లో జబ్బు బయటపడితే ఇవ్వరు.

నా లెక్క ఇదీ: ముందు ఆసుపత్రి బీమా. ఆ పైన, గాదెలో ఏడాది గింజలున్న ఇంటికి ఇది లేకపోయినా గడుస్తుంది. ఒక పంట తప్పితే పొలం అమ్ముకోవలసిన ఇంటికి మాత్రం కావాలి.