గోడ కనబడని కోట

సెలవులకు వెళ్ళినప్పుడు గోల్కొండ చూసినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. కొండ మీద ఎత్తైన గోడ, గుండ్రటి బురుజులు. అదే మనసులో పెట్టుకుని కోల్‌కతా మైదానం పక్కన బస్సులో వెళుతుంటే కోట ఎక్కడా కనబడదు. నిజానికి ఫోర్ట్ విలియం అక్కడే ఉంది. ఇప్పుడు దాని పేరు విజయ్ దుర్గ్. మన సైన్యం తూర్పు కమాండ్ అందులోనే ఉంది.

గోడ ఎందుకు కనబడదో తెలియాలంటే ఇటలీకి వెళ్ళాలి. 1494లో ఫ్రెంచి రాజు ఎనిమిదవ ఛార్లెస్ ఫిరంగులతో ఇటలీ మీదికి వచ్చాడు. ఇనుప గుండుకు ఎత్తైన గోడే మంచి గురి అని అప్పుడు బాగా తెలిసొచ్చింది. అందుకని పునరుజ్జీవన కాలపు ఇంజనీర్లు గోడను పొట్టిగా, మందంగా కట్టి వెనుక మట్టి దట్టించారు. గుండు తగిలితే రాయి పగులుతుంది, మట్టి మింగేస్తుంది.

గుండ్రటి బురుజుతో ఇంకో చిక్కుంది. దాని ముందు కొంత చోటు పక్క బురుజులవాళ్ళకు కనబడదు. శత్రువు అక్కడికి చేరితే నింపాదిగా గోడ కింద తవ్వుకోవచ్చు. బురుజును బాణం మొనలా కడితే ఆ మరుగు పోతుంది. నమ్మకం కుదరకపోతే కాగితం మీద రెండు రకాల బురుజులూ గీసి, స్కేలుతో చూపు గీతలు లాగి చూడండి. 1593లో ఇటలీలో మొదలైన పాల్మనోవా నగరాన్ని ఇలాగే తొమ్మిది మొనల నక్షత్రంలా గీశారు.

ఆ లెక్కే హుగ్లీ ఒడ్డుకూ వచ్చింది. ఇక్కడి పాత కోటకు ఇళ్ళు మరీ దగ్గరగా ఉండేవి. 1756లో సిరాజుద్దౌలా దాన్ని పట్టుకున్నాడు. ప్లాసీ యుద్ధం తర్వాత, 1758లో, ఇంగ్లీషువాళ్ళు కొత్త కోట మొదలుపెట్టారు. పూర్తయ్యేసరికి 1781 వచ్చింది. ఎనిమిది వైపుల్లో మూడు నదికేసి, ఐదు నేలకేసి ఉంటాయి. చుట్టూ కందకం. ఆ పైన, వచ్చేవాడు దాక్కోవడానికి చెట్టూ ఇల్లూ లేకుండా అడవి నరికి బయలు చేశారు. అదే మైదానం. అంటే అదీ కోట ప్లానులో భాగమే.

కోట లేచిన చోట గోవిందపూర్ అనే ఊరుండేది. ఊరివాళ్ళకు వేరేచోట స్థలాలిచ్చి పంపేశారు. ఠాగూర్ల పూర్వీకులు అలాగే పాథురియాఘాటా చేరారు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తే మనమూ పెట్టెలు సర్దుకుంటాం. కానీ మనం వదిలిన క్వార్టర్లో ఇంకెవరో వచ్చి దీపం పెడతారు. గోవిందపూర్‌వాళ్ళు వెనక్కి వచ్చి చూసుకుంటే వాళ్ళ వాకిలి ఉన్నచోట కందకం ఉంది.