చెత్తబండి రాని రోజులలో పెరటి చెత్త: కంపోస్టు చేయు విధము

2020 మార్చి నెల మన రైతు సోదరులెవ్వరును మరచియుండరు. 22వ తేదీన జనతా కర్ఫ్యూ, 25వ తేదీ నుండి దేశమంతట లాక్‌డౌను. మిరప ఆఖరి కోతల సరుకు కల్లాలమీద ఉన్నది. గుంటూరు మిర్చి యార్డు మూతపడి వారాల తరబడి తెరవలేదు. పత్తి తీతలు ముగిసిన చేలలో కట్టె అట్లే నిలిచియున్నది. పెరళ్లలో వేపచెట్లు ఆకు రాల్చి, అరటి పిలకలు, మునగ కొమ్మలు నరికించుటకు తీరిక దొరికిన కాలమది. ఇంటిల్లిపాదియు ఇంటనే యున్నందున ఊడ్చిన చెత్త, కొట్టిన కొమ్మ, పీకిన కలుపు దినదినము పెరిగినవే గాని తగ్గలేదు.

పారిశుధ్యమును అత్యవసర సేవగా లెక్కించి ప్రభుత్వము దానికి మినహాయింపు నిచ్చెను. అయినను పనివారు కొద్దిమంది. ఆ ఏప్రిల్ మాసములో రాష్ట్రమున కోవిడ్ కేసులు హెచ్చుగా నున్న జిల్లాలలో గుంటూరు ఒకటి. కట్టడి చేసిన వీధులలోనికి రాకపోకలే కష్టమైనవి. ఇట్టి సమయమున బండి నెట్టు మనిషి మొదట తీసికొనిపోవలసినది జబ్బు ఇంటి చెత్త, ఆ తరువాత కుళ్లి వాసనవేయు వంటింటి చెత్త. వేపాకును, మునగ కొమ్మను మోయుట చిట్టచివరి పని. ఇది మన దేశపు మాట మాత్రమే కాదు. ఆ వసంతకాలమున ఇంగ్లండులో అనేక స్థానిక సంఘములు ఇండ్ల తోటచెత్తను తీసికొనిపోవుట కొన్నాళ్లు ఆపివేసి, దానిని ఇంటియొద్దనే కంపోస్టు చేసికొనుడని ప్రజలకు చెప్పవలసివచ్చెను. అక్కడివారు బస్తాలలో నింపి కాచుకొనిరి. మనకు పెరడున్నది, పార యున్నది, చాలమందికి పేడయు నున్నది. పెరటి చెత్త పెరటిలోనే ఎరువు కావలెను. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమములలో గూడ తోటచెత్తను ఇంటివారు తమ ఆవరణలోనే వేరుగా నుంచవలెనని, ఆరుబయట కాల్చరాదని ఉండెను.

కాల్చుట ఎందుకు తగదు?

బండి రానప్పుడు మొదట తోచు ఉపాయము అగ్గిపుల్ల. మార్చి, ఏప్రిల్ నెలలలో మన ఊళ్లలో ఇంతకంటె ప్రమాదకరమైన పని లేదు. దొడ్డిలో వరిగడ్డి వామి, దాని పక్కన మిరప కల్లము, కల్లముమీద టార్పాలిను. పడమటి గాలికి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలును. అమ్ముడుపోక నిలిచిన సరుకు ఏడాది కష్టమంతయు గదా! పొగ సంగతి వేరే చెప్పవలెనా? ఊపిరితిత్తులను పట్టు జబ్బు ఊరిలో తిరుగుచున్నప్పుడు, ఉబ్బసమున్న ముసలివారి కిటికీ క్రింద ఆకులు రాజవేయుట వారికి కీడు చేయుటయే. పైగా కాలిన ఆకులోని నత్రజని గాలిపాలగును. మిగిలిన పిడికెడు బూడిదను జూచి ఎరువు చేసితిమనుకొనుట పొరపాటు.

గోతిలో వేయదగినవి, వేయరానివి

రాలిన ఆకులు, గడ్డి, అరటి బోదెలు, కూరగాయల తొక్కలు, పశువులు తిని విడిచిన చొప్ప, మిరప తొడిమలు, తాలు, ముక్కలు చేసిన పత్తికట్టె: ఇవన్నియు వేయవచ్చును. తొడిమలు, తాలు తిరగవేయునప్పుడు ఘాటు లేచును గనుక ముక్కుకు గుడ్డ కట్టుకొని, వాటిని ముందు తడిపి వేయవలెను. వయ్యారిభామను పూతకు రాకముందు పీకి వేయవచ్చును, పూత వచ్చినచో వలదు. దానిని వట్టిచేతులతో ముట్టరాదు.

మాస్కులు, చేతి తొడుగులు, జబ్బుమనిషి వాడిన కాగితపు రుమాళ్లు గోతి దరిదాపులకు రారాదు. మాస్కు చూచుటకు గుడ్డవలె నుండును గాని అది చాలమట్టుకు ప్లాస్టిక్కు. ఏండ్లు గడచినను మురుగదు, ఎరువుతో చేలోనికి పోవును. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జబ్బు లేని ఇండ్లవారికి ఇచ్చిన సలహా యేమనగా, వాడిన మాస్కులను కాగితపు సంచిలో కనీసము 72 గంటలుంచి, మరల ఎవ్వరును వాడకుండ కత్తిరించి, పొడిచెత్తతో పంపవలెనని. జబ్బు ఇంటినుండి వచ్చువాటిని పసుపు సంచులలో వేరుగా నప్పగించవలెనని గూడ ఆ మండలి చెప్పెను. గోతిలో పుట్టు వేడి అన్నిటిని చంపునుగదా యని కొందరందురు. నడుమ నుండు వేడి అంచులలో నుండదు. దానిని నమ్ముకొని జబ్బు చెత్త వేయరాదు. పురుగుమందు డబ్బాలు, సంచులు, మల్చింగు షీటు ముక్కలు, డ్రిప్పు గొట్టముల తునకలు కూడ ఇట్లే దూరముగా నుంచవలెను.

గొయ్యి మంచిదా, కుప్ప మంచిదా?

దీనికి మన నేలలో ఒకే జవాబు లేదు. వేసవిలో గొయ్యి మేలు, తడి ఆరిపోదు. తొలకరి తరువాత నల్లరేగడిలో త్రవ్విన గొయ్యి చెరువగును. నీరు నిలిచి, గాలియాడక, చెత్త కుళ్లి కంపుకొట్టునే గాని ఎరువు కాదు. దోమలు గూడ చేరును. కనుక మార్చి మొదలు మే ఆఖరువరకు గోతిలో వేసినదానిని, జూన్‌లో వానలకు ముందే పైకి తీసి మెరకమీద కుప్పగా పోయవలెను. ప్రకాశము పడమటి మెట్టలలో నీటికి కటకట గనుక అక్కడ గొయ్యియే శరణ్యము. కూరగాయలు కడిగిన నీరు, పశువుల కుడితి అడుగు దానికి చాలును. సబ్బు నురుగు హెచ్చుగా నున్న నీరు పోయరాదు.

సామాన్యమైన ఇంటికి 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గొయ్యి సరిపోవును. లోతు ఇంతకంటె పెంచరాదు, అడుగున గాలి చొరదు. మంచినీటి బావికి, బోరుకు దూరముగా, చెట్టునీడను త్రవ్వవలెను. అడుగున పత్తికట్టె ముక్కలు పరచి, దానిపై 6 అంగుళముల మందమున చెత్త వేసి, బకెట్టు నీటిలో గంపెడు పేడ కలిపి చల్లి, పైన చారెడు మందమున మట్టి చల్లవలెను. పశువుల కొట్టములో మూత్రము పీల్చిన మట్టి దొరికినచో అంతకంటె మంచిది లేదు. ఇట్లు వరుసగా వేసికొనుచు పోవలెను. ఎండాకుతోబాటు పచ్చిరొట్ట, కానుగ, గిరిపుష్పము వంటివి కలిపినచో త్వరగా చివుకును. ఇప్పుడు చాల ఇండ్ల ముందర ట్రాక్టరున్నది గాని గేదె లేదు. అట్టివారు క్వింటాలు ఎండుచెత్తకు అరకిలో యూరియా నీటిలో కలిపి చల్లుకొనవచ్చును.

తడి సరిపోయినదా లేదా అని తెలిసికొనుటకు నడుమనుండి పిడికెడు తీసి గట్టిగా పిండవలెను. వ్రేళ్ల సందున చెమ్మ తగిలి, బొట్లు కారకుండుటే సరియైన తడి. మూడు నాలుగు రోజులలో కుప్ప నడుమ వేడి పుట్టును. పొడవైన ఇనుపచువ్వ గ్రుచ్చి పావుగంట తరువాత తీసి పట్టుకొనినచో చెయ్యి చురుక్కుమనవలెను. ఆ వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులున్నప్పుడే కలుపు గింజలు, చాలమట్టుకు తెగుళ్ల బీజములు చచ్చును. వేడి పుట్టలేదనగా తడి చాలలేదు, లేదా పేడ చాలలేదు. పదిహేను రోజులకు, నెలకు, రెండు నెలలకు తిరగవేయవలెను. అంచులలోనిది నడుమకు, నడుమది అంచులకు రావలెను. మూడు నెలలకు ఎరువు సిద్ధమగును.

పత్తికట్టె, మిరప మోళ్లు

ఈ పద్ధతి మన పత్తి రైతులకు పరాయిది కాదు. 1924 నుండి 1931 వరకు ఇందూరులో ఆల్బర్టు హోవార్డు కంపోస్టు పద్ధతిని రూపొందించినది పత్తి పరిశోధనకు వెలసిన సంస్థలోనే. అక్కడ గూడ పత్తికట్టెయే పెద్ద చిక్కు. గట్టి కట్టె గనుక త్వరగా చివుకదు. దానిని పొలములోని బండ్ల బాటలమీద పరచి, చక్రముల క్రింద నలిగిన పిమ్మట కుప్పలో వేసిరి. నేడు ట్రాక్టరుకు తగిలించు ముక్కలుచేయు యంత్రములున్నవి. దొరకనివారు పొలము డొంకలో పరచి ట్రాక్టరు నడిపించినను పని జరుగును. మోటారు సైకిళ్లు తిరుగు తారురోడ్డుపై మాత్రము పరచవద్దు.

పత్తికట్టెను వంటచెరకుగా ఇంటి గోడకు పేర్చుట మన అలవాటు. తేళ్లు, పాములు చేరుట ఒకటి, గులాబీరంగు పురుగు దాగుట రెండవది. కట్టెనంటియుండు ఎండుకాయలలో, గుడ్డికాయలలో ఈ పురుగు నిద్రావస్థలో నుండి, వచ్చే పైరు పూతకు వచ్చునప్పటికి రెక్కలు తొడిగి లేచును. బీటీ పత్తికి గూడ లొంగనంతగా నేడు బలిసిన పురుగిది. కనుక తీతలు ముగిసిన వెంటనే చేలో గొర్రెలను, మేకలను తోలి మిగిలిన కాయలను మేపించవలెను. ఇంటికి తెచ్చు కట్టెనుండి కాయలన్నిటిని రాల్చి, గోతి నడుమ వేసి, మట్టి కప్పవలెను. లాక్‌డౌను వంటి కాలములో కూలీలు దొరకక కట్టె చేలోనే యుండిపోవుట సహజము. 2020 మార్చి 27న పొలము పనులకు మినహాయింపు నిచ్చినది ఇట్టి పనులు ఆగకూడదనియే.

మిరప మోళ్లయందు జాగ్రత్త వేరు. కోతలైపోయిన తరువాత పచ్చగా నిలిచిన మొక్కలు తెల్లదోమకు, తామర పురుగులకు ఆశ్రయము. 2021–22లో నల్ల తామర పురుగు చేసిన నష్టము మన జిల్లాల రైతులకు వేరే చెప్పనక్కర లేదు. మొక్కలను వేళ్లతో పీకి, ఎండనిచ్చి, ముక్కలుచేసి కుప్ప వేయవలెను. కాయకుళ్లు సోకిన కాయలను మాత్రము పెరటి గోతిలో కలుపవద్దు, ఆ యెరువు మరల మిరప నారుమడికే పోవును గనుక. వాటిని విడిగా లోతున పూడ్చుటయే నయము.

గ్రామాధికారులకు

పారిశుధ్య కార్మికునికి తొడుగులు, మాస్కు లేకుండ బండి నడిపించరాదు. పంచాయతీ కార్యదర్శి వీధివారీగా చూచి, పెరడు లేని ఇండ్లు ఎన్ని, పేడ లేని ఇండ్లు ఎన్ని అని లెక్క వ్రాసికొనినచో సగము పని తీరును. పెరడు లేనివారికొరకు పంచాయతీ స్థలములో రెండు గోతులు చాలును. ఒకటి నిండి మూసియుండగా రెండవది వాడుకలో నుండును. ప్రతి ఇంటివారు తమ కొమ్మారెమ్మను మూరెడు ముక్కలు చేసి తామే తెచ్చి వేయవలెనని ముందే చాటింపు వేయించవలెను. చాటింపు లేక గోతులు త్రవ్వినచో వాటిలో మొదట పడునది ప్లాస్టిక్కు సంచులే. గోతులను జబ్బు వచ్చిన తరువాత గాక మాఘమాసములోనే త్రవ్వించుట మంచిది, అప్పుడు కూలీలు దొరుకుదురు, నేలయు మరీ గట్టిపడి యుండదు.

ఎరువు వాడుక

మార్చిలో మొదలుపెట్టినది జూన్ ఆఖరుకు అక్కరకు వచ్చును. మిరప నారుమడులు పోయునది జూలై, ఆగస్టులలో గనుక సమయము కుదురును. చివికిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టివాసనతో నుండును. పేడవాసన గాని, ఆకు ఆనవాలు గాని కనిపించినచో ఇంకొక పక్షము ఆగవలెను. సగము చివికినది నారుమడిలో వేసిన నారుకుళ్లు హెచ్చును. ఇసుక జల్లెడతో జల్లించి, మెత్తటిదానిని నారుమడికి, ముతకదానిని పత్తి చేనికి వాడుకొనవలెను. నారుమడికి వేయుదానిలో ట్రైకోడెర్మా కలుపుకొనుట మరీ మంచిది. 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీరు చిలకరించి, నీడను వారము పది రోజులు గోనెపట్టా కప్పి యుంచినచో తెల్లని బూజు అల్లుకొనును. పచ్చబడుట మొదలుకాగానే మడిలో కలిపి, మరునాడు విత్తనము చల్లవచ్చును.