చేతికి వచ్చిన పేజ్‌మేకరును విడువవలెనా?

ప్రశ్న: ఇరువదేండ్లుగా తెనాలిలో పేజ్‌మేకరుపై ‘అను’ లిపులతో అక్షరములు కూర్చుచున్నాను. యూనికోడునకు మారుమనుచున్నారు, మనసొప్పదు. ఇది మొండితనమా?
— ఒక పాఠకుడు, చుండూరు

జవాబు: మొండితనము కాదు. కంటితో వెదకకయే వ్రేళ్ళు తమంతట తాము వత్తులను, గుణింతములను పలికించు నేర్పును ఏండ్ల తరబడి గడించినవారు, క్రొత్త పరికరము నెదుట మరల ఓనమాలు దిద్దవలసివచ్చినపుడు, అందునను పెండ్లివారు శుభలేఖలకై గుమ్మములో నిలిచియుండగా, వెనుకాడుట సహజము. రానున్న లాభము కంటికి కనబడదు. చేతిలోని నేర్పు జారిపోవుట మాత్రము ఆనాడే తెలియును.

అయినను మీ శ్రమఫలమును గూర్చి నాకు దిగులు కలదు. అను లిపిలోని ‘అమ్మ’ యంత్రమునకు అమ్మ కాదు. ఆంగ్లాక్షర సంకేతములపై తొడిగిన తెలుగు రూపము మాత్రమే. ఆ లిపి లేనిచోట తెరచినచో అది అర్థరహితమైన గుర్తుల గుంపగును. ప్రతి అక్షరమునకు దానిదే యైన సంకేతము నిచ్చు యూనికోడులో 1991 నుండియు తెలుగునకు స్థిరస్థానము కలదు. పేజ్‌మేకరు 2001 నాటి 7.0 కూర్పుతోనే ఆగిపోయినది.

కావున పాత ప్రతులను అట్లే భద్రపరచి, ముహూర్తములు లేని ఆషాఢములో ఎనిమిది పుటల చిన్న పుస్తకము నొకదానిని పుటలు కూర్చు ఇన్‌డిజైన్ అను సాధనములో యూనికోడుతో కూర్చి చూడుడు. మీ పాత యంత్రము విండోస్ ఎక్స్‌పీతో నడుచునదైనచో, దానికి 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా సవరణలు నిలిచిపోయినవి గనుక, దానిని అంతర్జాలమునకు కలుపకుడు.