కోడింగ్ రాకపోయినా ఎన్ఎఫ్‌టీ కలెక్షన్ లాంచ్ చేయడం ఎలా? టూల్స్ మీకు చెప్పని విషయాలతో సహా

ఎన్ఎఫ్‌టీ కలెక్షన్ పెట్టాలంటే సాలిడిటీ నేర్చుకోవాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అక్కర్లేదు. బొమ్మలు రెడీగా ఉంటే మిగతాదంతా ఒక వీకెండ్‌లో, ఒక్క లైన్ కోడ్ రాయకుండా అయిపోతుంది. ఆ స్టెప్స్ అన్నీ కింద చెప్తాను. అయితే ఈ దారిలో కొన్ని చోట్ల టూల్ మీ బదులు తనే ఒక నిర్ణయం తీసేసుకుంటుంది, మనం గమనించం కూడా. మీ దగ్గర డబ్బులిచ్చి కొన్నవాళ్లకి రెండేళ్ల తర్వాత ఏం మిగులుతుందో తేల్చేవి సరిగ్గా ఆ నిర్ణయాలే. కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మిగతా చోట్ల స్పీడ్‌గా వెళ్లిపోదాం.

ముందు ఒక్క విషయం క్లియర్ చేసుకుందాం. మామూలుగా బ్లాక్‌చైన్‌లో మీ బొమ్మ ఉండదు. అక్కడ ఉండేది ఒక టోకెన్ నంబర్, దాని ఓనర్ వ్యాలెట్ అడ్రస్, ఒక లింక్. ఆ లింక్ తెరిస్తే మెటాడేటా అనే చిన్న ఫైల్ వస్తుంది. అందులో పేరు, లక్షణాలు, బొమ్మ ఎక్కడుందో చెప్పే ఇంకో లింక్ ఉంటాయి. అంటే టోకెన్ నుంచి మెటాడేటాకి, మెటాడేటా నుంచి బొమ్మకి. ఈ గొలుసు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

బొమ్మలు: 24 ముక్కలు, 2,400 కప్పులు

ఉదాహరణకి ఇరానీ చాయ్ కప్పుల కలెక్షన్ ఒకటి చేద్దాం. 2017లో వచ్చిన క్రిప్టోపంక్స్ అయినా, 2021 ఏప్రిల్‌లో వచ్చిన బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ అయినా 10,000 బొమ్మలు ఒక్కొక్కటిగా కూర్చుని గీసినవి కావు. ముక్కలు గీసి వాటిని కలిపారు. మనదీ అదే పద్ధతి. బ్యాక్‌గ్రౌండ్ 6 రకాలు, కప్పు 5 రకాలు, చాయ్ 4 రకాలు (నిండుగా, సగం, సాసర్‌లో పోసింది, ఖాళీ), పక్కన తినేది 5 రకాలు (ఉస్మానియా బిస్కెట్, బన్ మస్కా, సమోసా వగైరా), ఆవిరి 4 రకాలు, అందులో ఒకటి అసలు ఆవిరి లేనిది. అన్నీ గుణిస్తే 2,400 కాంబినేషన్లు వస్తాయి. మనం తయారు చేసింది మాత్రం 24 ముక్కలే.

వీటిని ఫోన్‌లో ఐబిస్ పెయింట్‌తో గానీ, పీసీలో క్రిటాతో గానీ గీయొచ్చు. ప్రతి ముక్కా ఒకే సైజు కాన్వాస్ మీద ఉండాలి, 2000 బై 2000 పిక్సెల్స్ సరిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ తప్ప మిగతావన్నీ ట్రాన్స్‌పరెంట్ పీఎన్‌జీగా సేవ్ చేయండి. ఒక్కో లక్షణానికి ఒక్కో ఫోల్డర్ పెట్టి, జనరేటర్ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేసి, ఏ లేయర్ మీద ఏది రావాలో వరుస పెడితే చాలు. హ్యాష్‌లిప్స్ అనే ఫ్రీ టూల్ కూడా ఫేమస్, కానీ దానికి కమాండ్ లైన్‌తో కొంచెం పనుంది. కోడ్ అంటే భయమున్నవాళ్లు జనరేటర్ వెబ్‌సైట్లే వాడుకోండి.

ఇక్కడ రెండు పనులు చేత్తో చూసుకోవాలి. ఒకటి రూల్స్. ఖాళీ కప్పులోంచి ఆవిరి రాకూడదు కదా! జనరేటర్‌కి ఆ సంగతి తెలీదు, మనమే చెప్పాలి. ఈ ఒక్క రూల్ పెడితే 450 కాంబినేషన్లు ఎగిరిపోయి 1,950 మిగులుతాయి. రెండోది అరుదుదనం. 200 కప్పుల కలెక్షన్‌లో బంగారు అంచు కప్పుకి 2 శాతం ఇస్తే అవి నాలుగే వస్తాయి. అన్నిటికీ సమానంగా వదిలేస్తే ఎవరికి ఏది వచ్చినా తేడా ఉండదు, కొనేవాళ్లకి మజా ఉండదు. జనరేట్ అయ్యాక మొత్తం 200 బొమ్మలూ కళ్లతో చూడండి. బోర్ కొట్టినా సరే.

మీ సొంత బొమ్మలే వాడండి. బ్రహ్మానందం గారి మీమ్స్‌తో కలెక్షన్ చేస్తే అదిరిపోతుంది అని అనిపించొచ్చు, కానీ ఆ సినిమా ఫ్రేమ్ హక్కులు మీవి కావు. ఈ జాడ్యం ఎంత ముదిరిందంటే, తమ ఫ్రీ మింటింగ్ టూల్‌తో తయారైనవాటిలో 80 శాతానికి పైగా కాపీ బొమ్మలు, ఫేక్ కలెక్షన్లు, స్పామ్ అని 2022 జనవరిలో ఓపెన్‌సీ స్వయంగా చెప్పింది.

బొమ్మ ఎక్కడ దాచాలి?

ఇందాకటి గొలుసు గుర్తుంది కదా. ఆ లింక్ ఏదో ఒక కంపెనీ సర్వర్‌కి వెళ్తుంటే, ఆ సర్వర్ ఆగిన రోజు టోకెన్ ఉంటుంది, బొమ్మ ఉండదు. ఇది ఊహ కాదు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ దివాలా తీశాక, దాని అమెరికా ప్లాట్‌ఫామ్‌లో మింట్ అయిన చాలా ఎన్ఎఫ్‌టీల బొమ్మలు కనిపించకుండా పోయాయి. మెటాడేటా ఆ కంపెనీ వెబ్‌సైట్ మీదే ఆధారపడి ఉండటమే కారణం. సర్వర్ బతికే ఉన్నా ఇంకో చిక్కుంది. దాని ఓనర్ బొమ్మని ఎప్పుడైనా మార్చేయొచ్చు. సిగ్నల్ యాప్ సృష్టికర్త మాక్సీ మార్లిన్‌స్పైక్ ఇదే చూపించడానికి ఒక ఎన్ఎఫ్‌టీ చేశాడు. మార్కెట్‌ప్లేస్‌లో చూస్తే ఒక బొమ్మ, కొని వ్యాలెట్‌లోకి తెచ్చుకుంటే పేడకుప్ప ఎమోజీ!

దీనికి మందు ఐపీఎఫ్ఎస్. ఇందులో అడ్రస్ ఫైల్ ఉన్న చోటుని బట్టి కాకుండా, ఫైల్‌లో ఉన్న డేటాని బట్టి తయారవుతుంది. ఒక్క పిక్సెల్ మార్చినా అడ్రస్ మారిపోతుంది, కాబట్టి చాటుగా బొమ్మ మార్చడం కుదరదు. పద్ధతి ఇదీ: పినాటా లాంటి సర్వీసులో ముందు బొమ్మల ఫోల్డర్ అప్‌లోడ్ చేయండి. సీఐడీ అని ఒక పొడవాటి కోడ్ వస్తుంది. జనరేటర్‌లో ఆ కోడ్ ఇస్తే మెటాడేటా ఫైల్స్ అన్నిటిలో బొమ్మల లింకులు అప్‌డేట్ అవుతాయి. తర్వాత మెటాడేటా ఫోల్డర్‌ని అప్‌లోడ్ చేస్తే వచ్చే రెండో సీఐడీనే కాంట్రాక్ట్‌కి ఇవ్వాలి. వరుస తిరగబడితే లింకులు పనిచేయవు.

ఐపీఎఫ్ఎస్‌లో పెట్టేశాం, ఇక శాశ్వతం అనుకోకండి. ఎవరో ఒకరు ఆ ఫైల్‌ని తమ కంప్యూటర్‌లో ఉంచితేనే అది దొరుకుతుంది. దాన్నే పిన్ చేయడం అంటారు. పిన్నింగ్ ప్లాన్‌కి డబ్బులు కట్టడం ఆపేసి, ఇంకెవరి దగ్గరా కాపీ లేకపోతే ఫైల్ మాయం. నేనైతే రెండు వేర్వేరు సర్వీసుల్లో పిన్ చేసి, అవే ఫోల్డర్లని ఒక పెన్ డ్రైవ్‌లో కూడా ఉంచుకోమంటాను. అవే ఫైల్స్‌ని అవే సెట్టింగ్స్‌తో మళ్లీ అప్‌లోడ్ చేస్తే అదే అడ్రస్ వస్తుంది, అదే దీని అందం.

కొన్ని లాంచ్ టూల్స్ ఈ అప్‌లోడ్ అంతా వాటంతటవే చేసేస్తాయి. చేయనివ్వండి, కానీ ఒక్క టోకెన్ మెటాడేటా లింక్ తెరిచి చూడండి. ఐపీఎఫ్ఎస్ అని మొదలైతే ఓకే. ఆ టూల్ కంపెనీ వెబ్‌సైట్ పేరుంటే అక్కడ ఆగిపోవడమే మంచిది.

కాంట్రాక్ట్ ఎవరి పేరు మీద?

కాంట్రాక్ట్ అంటే బ్లాక్‌చైన్‌లో ఉండే చిన్న ప్రోగ్రామ్. మ్యానిఫోల్డ్, థర్డ్‌వెబ్ లాంటివి రెడీమేడ్‌గా ఇస్తాయి, మనం ఫామ్ నింపి డిప్లాయ్ నొక్కడమే. ఒక్కో బొమ్మ ఒక్కటే ఉండాలంటే ఈఆర్‌సీ-721, ఒకే బొమ్మకి చాలా కాపీలుంటే ఈఆర్‌సీ-1155. మన కప్పులకి మొదటిదే.

చెక్ చేయాల్సింది కాంట్రాక్ట్ ఓనర్ మీ వ్యాలెటేనా, లేక అందరికీ కలిపి ప్లాట్‌ఫామ్ పెట్టిన ఉమ్మడి కాంట్రాక్ట్‌లో మీదొక మూలన ఉందా అన్నది. మార్కెట్‌ప్లేస్‌లు మూతపడుతూనే ఉంటాయి. గేమ్‌స్టాప్ ఎన్ఎఫ్‌టీ మార్కెట్‌ప్లేస్ 2024 ఫిబ్రవరిలో ఆగిపోయింది, క్రాకెన్ తనది 2025లో మూసేసింది. సొంత కాంట్రాక్ట్ ఉంటే షాపు మూసినా సరుకు మీదే. ఇంకో సైట్‌లో అదే కలెక్షన్ కనిపిస్తుంది.

రెడీమేడ్ కాంట్రాక్ట్‌లో లోపాలుండవని కూడా కాదు. 2023 డిసెంబర్‌లో థర్డ్‌వెబ్ తన రెడీమేడ్ కాంట్రాక్ట్స్ కొన్నిటిలో సెక్యూరిటీ లోపం ఉందని ప్రకటించింది. పాతది లాక్ చేసి కొత్తదానికి మారమని చాలామంది క్రియేటర్లకి చెప్పాల్సి వచ్చింది. ఓనర్ వ్యాలెట్ చేతిలో లేనివాళ్లు ఆ పని చేయలేరు. కాబట్టి మీరు వాడిన టూల్ అనౌన్స్‌మెంట్లు ఫాలో అవ్వండి.

ఏ చైన్? ఈథీరియమ్‌లో గ్యాస్ ఫీజు ఎక్కువ. మొదటిసారి చేసేవాళ్లకి పాలిగన్ గానీ బేస్ గానీ చాలు, ఫీజు చాలా తక్కువ. పాలిగన్‌ని మొదలుపెట్టింది మనవాళ్లే. దాని టోకెన్ 2024 సెప్టెంబర్‌లో మ్యాటిక్ నుంచి పోల్‌గా మారింది, పాత వీడియోలు చూసి కన్‌ఫ్యూజ్ అవ్వకండి. ఏ చైన్ అయినా ముందు టెస్ట్‌నెట్‌లో ఒక రౌండ్ వేయండి. ఈథీరియమ్ టెస్ట్‌నెట్ పేరు సెపోలియా, అక్కడి కాయిన్స్ ఫ్రీ.

లాంచ్ సెట్టింగ్స్

ఎన్ని బొమ్మలు, ఒక్కోటి ఎంత, ఒక్క వ్యాలెట్‌కి గరిష్ఠంగా ఎన్ని, ముందు ఎవరికి ఛాన్స్. ఇవి ఫామ్‌లో నింపేవే. వ్యాలెట్‌కి లిమిట్ మాత్రం తప్పక పెట్టండి. లేకపోతే ఒక్కడే వంద ఊడ్చేస్తాడు. రివీల్ ఆలస్యంగా పెట్టడం మంచిది. మింట్ అప్పుడు అందరికీ మూతపెట్టిన కప్పు ఒకటే కనిపించి, అమ్మకాలయ్యాక అసలు బొమ్మలు బయటపడతాయి. లేకపోతే అరుదైన నంబర్లు ముందే కనిపెట్టేవాళ్లుంటారు. రివీల్ అయ్యాక మెటాడేటాని ఫ్రీజ్ చేయండి. ఈ బటన్ చాలామంది ముట్టుకోరు. ఇకపై నేనూ మార్చలేను అని కొన్నవాళ్లకి మీరిచ్చే రుజువు అదొక్కటే.

రాయల్టీ 5 శాతం అని రాసుకుని, జీవితాంతం డబ్బులొస్తాయని లెక్కలేయకండి. చాలా కాంట్రాక్ట్స్‌లో అది ఒక సూచన మాత్రమే, ఇవ్వాలా వద్దా అన్నది మార్కెట్‌ప్లేస్ ఇష్టం. ఓపెన్‌సీయే 2023లో దాన్ని ఐచ్ఛికం చేసింది.

వ్యాలెట్, ట్యాక్స్

కలెక్షన్ పెట్టిన మర్నాడే ఇన్‌స్టాలో మెసేజ్ వస్తుంది, మీ ఆర్ట్ సూపర్, 2 ఈథర్‌కి కొంటా అని. వాళ్లు చెప్పిన సైట్‌లో అప్‌లోడ్ చేస్తే అమ్ముడైనట్టు బ్యాలెన్స్ కూడా కనిపిస్తుంది. విత్‌డ్రా చేయాలంటే ముందు ఫీజు కట్టాలంటారు. ఫీజు కట్టాక మనిషి ఉండడు. నిజంగా కొనేవాళ్లు మీ సొంత పేజీలోనే కొంటారు. 12 పదాల సీడ్ ఫ్రేజ్ కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ వద్దు. కాంట్రాక్ట్ ఓనర్ వ్యాలెట్‌తో రోజువారీ సైట్లకి కనెక్ట్ అవ్వకండి, దానికి వేరేది పెట్టుకోండి.

మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి వర్చువల్ డిజిటల్ అసెట్స్ అమ్మకం లాభం మీద 30 శాతం పన్ను ఉంది, పైన సెస్. అదే ఏడాది జూన్ 30న ఎన్ఎఫ్‌టీలు కూడా ఆ జాబితాలోకి వచ్చాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసేయడానికి ఒప్పుకోరు, అంటే గ్యాస్, పిన్నింగ్ ఖర్చులు లెక్కలోకి రావు. ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాంట్లో లాభంతో సర్దడమూ కుదరదు. వీటి మీద 1 శాతం టీడీఎస్ నియమం కూడా ఉంది. ఐటీఆర్‌లో వీటికి షెడ్యూల్ వీడీఏ అని వేరే పేజీయే ఉంది. మీరే తయారు చేసి అమ్మినదాన్ని ఏ పద్దు కింద చూపాలో ఆడిటర్‌ని ముందే అడగండి. అడిగేటప్పుడు చేతిలో ఒక షీట్ ఉండాలి: ప్రతి అమ్మకం తేదీ, ట్రాన్సాక్షన్ నంబర్, ఆ రోజు ఆ కాయిన్ ధర రూపాయల్లో. మొదటి కప్పు అమ్ముడైన రోజే ఆ షీట్ మొదలుపెట్టండి.