రాత్రి వేసిన లెక్క

చిరంజీవి అమ్మలుకి,

యువజన విభాగంలో పదవి వచ్చిన మర్నాడే "కులం ఊసెత్తకమ్మా, పాత పుండ్లు రేగుతాయి" అని పార్టీ పెద్దలు చెప్పారని రాశావు. ఆ పెద్దల్లో సగంమంది మన చుట్టాలే. అందుకే ఈ ఉత్తరం.

ఎన్నికలప్పుడు ఆ పెద్దల ఇళ్లల్లోనే రాత్రిపూట నోటుపుస్తకం తెరుస్తారు. నిలువు గీతలు కొట్టి కమ్మ, రెడ్డి, కాపు, మాల, మాదిగ, యానాది, ముస్లిం అని రాసి, ఏ ఊళ్లో ఎవరి ఓట్లెన్ని, ఏ గడపకి ఎవరిని పంపాలి అన్నీ తేలుస్తారు. తెల్లారి మైకు పట్టుకుంటే మనందరిదీ ఒకటే కులం, రైతు కులం అంటారు. మిరప కోతకొచ్చే ఆడవాళ్లకి సెంటు పొలం ఎందుకు లేదో ఆ మైకులో చెప్పరు. ఓట్ల కోసం కులం మాట్లాడటానికి ఎవరికీ నోరు పడిపోదు. అన్యాయం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడే పడిపోతుంది.

కారంచేడు మనకి ఎంత దూరం? మంచినీళ్ల చెరువులో మనవాళ్లు గేదె కుడితి బకెట్ కడుగుతుంటే మాదిగపల్లె కుర్రాడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే, నీళ్లకొచ్చిన మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. చంపింది మన కమ్మవాళ్లు. ఈ ఒక్క వాక్యం మన పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరి నోటా రాదు. ఎత్తితే వెంటనే "చుండూరులో రెడ్లు చెయ్యలేదా" అంటారు. చేశారు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులు చనిపోయారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అన్నీ కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. కానీ అమ్మలూ, మన తప్పు అడిగినప్పుడు పక్కవాడి తప్పు చూపించే తోవ నువ్వు తొక్కొద్దు.

2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ప్రపంచ సభ జరిగినప్పుడు, కులం అక్కడ చర్చకు రాకూడదని భారత ప్రభుత్వమే పట్టుబట్టింది. ఇంటి గుట్టు వీధిన పడుతుందన్న భయం ఢిల్లీదాకా ఉంది.

నోరు విప్పినవాళ్లు పల్లెల్లోనే ఉన్నారు. కారంచేడు తర్వాత అదే ఏడు చీరాలలో దళిత మహాసభ పుట్టింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక, మాదిగలు తమ కులం పేరునే పేరు చివర పెట్టుకుని తలెత్తుకున్నారు. తరాలుగా చౌదరి, రెడ్డి అని రాసుకున్నవాళ్లు దాన్ని కులపిచ్చి అన్నారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని మాట అది.

నువ్వు మాట్లాడు. దళితుల తరఫున కాదు. వాళ్ల తరఫున వాళ్లే మాట్లాడగలరు. మనవాళ్ల మధ్య, మనవాళ్ల గురించి మాట్లాడు. టికెట్టు పోవచ్చు. బాబాయిలు ఇంటికి రావడం మానేస్తారు, అమ్మ ఏడుస్తుంది. అమ్మకి నేను చెప్పుకుంటాను.

జులై 17న చీరాల విజయనగర్ కాలనీకి వెళ్దాం. కారంచేడు విడిచొచ్చిన కుటుంబాలు అక్కడే ఉంటాయి. పార్టీ కండువా వేసుకోకు, అక్కడి సభలో వేదిక ఎక్కమంటే వద్దను. ఆ పూట విని రా. మాట్లాడాల్సిన సభలు మన ఊళ్లోనే చాలా ఉన్నాయి.

మీ మామయ్య