కంచే చేను మేసినట్లు – పిల్లల్లో వచ్చే షుగర్ వ్యాధి

"తీపి ఎక్కువ పెట్టినందుకే మా బిడ్డకు షుగర్ వచ్చిందా?" అని చాలామంది తల్లులు బాధపడుతుంటారు. కాదమ్మా. చిన్న వయసులో ఎక్కువగా కనిపించే టైప్-1 షుగర్ వ్యాధికి తీపి తినడం కారణం కాదు. ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. మరి ఎందుకు వస్తుంది?

ఇన్సులిన్ ఎక్కడ తయారవుతుంది?

కడుపు వెనుక క్లోమ గ్రంథి ఉంటుంది. అందులోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తయారు చేస్తాయి. రక్తంలోని చక్కెర శరీర కణాల్లోకి చేరి శక్తిగా మారాలంటే ఇన్సులిన్ కావాలి.

శరీరమే ఎందుకు దాడి చేస్తుంది?

నల్లమల అంచున పల్లి చేనుకు అడవి పందుల నుంచి కావలి కాస్తాం కదా! అలాగే తెల్ల రక్తకణాలు రోగక్రిముల నుంచి మనలను కాపాడతాయి. వీటిలో టి-కణాలు అనేవి ఛాతీ ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో తనవారెవరో, పరాయివారెవరో నేర్చుకుంటాయి. సరిగా నేర్వని వాటిని శరీరం తొలగిస్తుంది. కొన్ని మాత్రం తప్పించుకుంటాయి.

బీటా కణాల ముక్కలు క్లోమం దగ్గరి లింఫు గ్రంథులకు చేరినప్పుడు ఈ టి-కణాలు వాటిని శత్రువులుగా పొరబడతాయి. తరువాత క్లోమంలోకి చొరబడి బీటా కణాలను చంపుతాయి. ఇలా జరగడానికి వంశపారంపర్య లక్షణాలు కొంత కారణం. వైరస్ జబ్బులు కూడా తోడవుతాయని భావిస్తున్నారు. ఇది అంటువ్యాధి కాదు.

ఎప్పుడు బయటపడుతుంది?

ఈ నాశనం నెలలు, సంవత్సరాలు చడీచప్పుడు లేకుండా సాగుతుంది. చాలా కణాలు పోయాకే అతిదాహం, మాటిమాటికి మూత్రం, బరువు తగ్గడం, నీరసం కనిపిస్తాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత వస్తే ప్రాణాపాయం. దిష్టి అనుకొని ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

* ఇన్సులిన్ మొదలుపెట్టాక మిగిలిన కణాలు కొంత కోలుకొని, కొన్ని నెలలు తక్కువ మోతాదు సరిపోవచ్చు. జబ్బు నయమైందని మానకండి. దాడి ఆగలేదు.
* నాటుమందులు చనిపోయిన కణాలను తిరిగి తేలేవు.
* అన్నం తినకపోయినా, జ్వరం వచ్చినా సొంతంగా ఇన్సులిన్ ఆపకండి. డాక్టరును అడగండి.
* చెమటలు, వణుకు, తికమక ఉంటే, బిడ్డ మెలకువగా ఉంటే వెంటనే చక్కెర లేదా గ్లూకోజు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి.
* ఫ్రిజ్ లేనివారు ఇన్సులిన్ సీసాను నీరు తగలకుండా కవరులో కట్టి, చల్లని మట్టికుండలో నీడన ఉంచండి. గడ్డకట్టనివ్వకండి.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కాదు. నేడు క్రమంగా ఇన్సులిన్ తీసుకునే పిల్లలు చదువుకొని, పెండ్లి చేసుకొని, నిండు జీవితం గడుపుతున్నారు.

బిడ్డ కొరకు ప్రార్థించండి, ఇన్సులిన్ కూడా వేయండి. మందు మానడం విశ్వాసానికి గుర్తు కాదు. మందును కూడా దేవుడిచ్చిన మేలుగానే స్వీకరిద్దాం.